ఇంట్లో తయారయ్యే పిన్‌బాల్ యంత్రానికి కంట్రోలర్ సెట్టింగులు: ముందు ఫ్యూజు, తరువాత ఫైలు

విశాఖపట్నం మధురవాడలో మిత్రులతో కలిసి పిన్‌బాల్ యంత్రం కడుతున్నామని రాశారు. కాయిల్స్‌ను నడిపే ఓపెన్ పిన్‌బాల్ ప్రాజెక్టు బోర్డులు రెండు, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఆటను నడిపే మిషన్ పిన్‌బాల్ ఫ్రేమ్‌వర్క్ (ఎంపీఎఫ్) ప్రోగ్రాము, 48 వోల్టుల డీసీ ఇచ్చే 350 వాట్ల సప్లై (ఎస్‌ఎంపీఎస్), ఊళ్లోనే మోటారు రివైండింగ్ షాపులో చుట్టించిన కాయిల్స్, అంటే కరెంటు పారగానే లోపలి కడ్డీని లాగే తీగచుట్టలు. గోళీని పక్కకు విసిరే స్లింగ్‌షాట్లలో ఎడమదాని కాయిల్ పొగలు వచ్చి కాలిపోయింది. బటన్ నొక్కితే గోళీని కొట్టే ఫ్లిప్పర్లు రెండూ ఒకేసారి కొడితే సప్లై ఆగి మళ్లీ వస్తోంది. తాకిన గోళీని ఎగరగొట్టాల్సిన పాప్ బంపర్, గోళీ దగ్గరకు రాకపోయినా తనంతట తానే కొట్టుకుంటోంది. కంట్రోలర్‌లో ఏ విలువలు పెడితే ఇవన్నీ సర్దుకుంటాయని అడిగారు.

వీటిలో సెట్టింగులతో సర్దుకునేది కొంతే. మీరు ఇచ్చిన సామాను జాబితా రెండు సార్లు చదివాను, అందులో ఫ్యూజు మాట ఎక్కడా లేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. కొత్త కాయిల్ బిగించే ముందు ఇది పూర్తి చేయండి.

ఫ్లిప్పర్ కాయిల్‌లో బలమైన వైండింగ్ నిరోధం దాదాపు 4 ఓమ్‌లు ఉంటుంది. 48 వోల్టుల మీద అది 12 ఆంపియర్లు లాగుతుంది, అంటే 576 వాట్లు. 20 మిల్లీసెకండ్ల దెబ్బకు ఇది పెద్ద లెక్క కాదు, దాదాపు 11 జౌళ్లు మాత్రమే. అదే కాయిల్ ఏ కారణం చేతనైనా ఆన్‌లోనే ఉండిపోతే 10 సెకండ్లలో 5,760 జౌళ్లు అందులోకి పోతాయి. కాయిల్‌లో 100 గ్రాముల రాగి ఉందనుకుంటే ఆ వేడికి ఉష్ణోగ్రత సుమారు 150 డిగ్రీలు పెరుగుతుంది. రాగి వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగి కరెంటు కొంత తగ్గుతుంది కాబట్టి అసలు లెక్క కొంచెం తక్కువ రావచ్చు. అయినా తీగ మీది ఎనామిల్ పూత మాడడానికీ, లోపలి నైలాన్ గొట్టం కరగడానికీ అది చాలు. పిన్‌బాల్ కాయిల్ ఎప్పుడూ క్షణకాలం పనికే తయారవుతుంది. దాన్ని కాపాడేది కాలపరిమితి ఒక్కటే.

ఆ కాలపరిమితి మీ సెట్టింగుల ఫైలులో పల్స్ (ఒక్క దెబ్బకు కరెంటు ఇచ్చే మిల్లీసెకండ్లు) విలువగా ఉంది కదా, ఇక భయమెందుకు అనిపించవచ్చు. బోర్డు మీద కాయిల్‌ను నడిపే ఎలక్ట్రానిక్ స్విచ్చి, అంటే మాస్‌ఫెట్, చెడిపోయేటప్పుడు ఎక్కువ సందర్భాల్లో షార్టు అయి చెడిపోతుంది. అప్పుడు అది ఎప్పుడూ మూసి ఉన్న స్విచ్చితో సమానం. సాఫ్ట్‌వేర్ ఎంత చక్కగా ఆఫ్ చెప్పినా వినేవాడు ఉండడు. ఆ పరిస్థితిలో కరెంటును తెంచగలిగింది ఫ్యూజు మాత్రమే.

కాబట్టి ఒక్కొక్క ఫ్లిప్పర్‌కు విడిగా 4 ఆంపియర్ల స్లో బ్లో గాజు ఫ్యూజు, స్లింగ్‌షాట్లు, పాప్ బంపర్ల గుంపుకు 2 ఆంపియర్లది పెట్టండి. 12 ఆంపియర్లు లాగే కాయిల్‌కు 4 ఆంపియర్ల ఫ్యూజు ఎలా నిలుస్తుందని అనుమానం రావచ్చు. స్లో బ్లో ఫ్యూజు క్షణకాలపు దెబ్బలను ఓర్చుకుంటుంది. ఆడేటప్పుడు ఒక్కొక్క దెబ్బ 20, 30 మిల్లీసెకండ్లే కాబట్టి దాని సగటు వేడి తక్కువ. కాయిల్ ఇరుక్కుని మూడు రెట్లు కరెంటు నిలకడగా పారితే మాత్రం కొద్ది సెకండ్లలో పోతుంది. ఇంకొక హెచ్చరిక: గాజువాక ఆటోనగర్‌లో కారు బ్లేడ్ ఫ్యూజులు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయని వాటితో సరిపెట్టకండి. సాధారణ బ్లేడ్ ఫ్యూజు 32 వోల్టుల డీసీ వరకే. 48 వోల్టుల మీద అది తెగినా లోపల ఆర్కు నిలిచే ప్రమాదం ఉంది.

ఇప్పుడు కాలిన కాయిల్ సంగతి. స్లింగ్‌షాట్లకూ పాప్ బంపర్లకూ పిన్‌బాల్ లోకంలో ఎక్కువగా వాడేది ఏఈ-26-1200 రకం. 26 అంటే తీగ గేజు, 1200 అంటే చుట్లు. ఆ 26 అమెరికన్ వైర్ గేజు, తీగ వ్యాసం 0.405 మిల్లీమీటర్లు. మన రివైండింగ్ షాపుల్లో 26 అంటే బ్రిటిష్ స్టాండర్డ్ వైర్ గేజు, ఎస్‌డబ్ల్యూజీ 26, అది 0.457 మిల్లీమీటర్లు. మీరు అంకె మాత్రం చెప్పి చుట్టించి ఉంటే తేడా ఇక్కడే వచ్చింది. ఆ లావు తీగతో అదే పొడవుకు నిరోధం ఐదో వంతు పైగా తగ్గుతుంది. సుమారు 11 ఓమ్‌లు రావలసిన చోట 9 దగ్గర ఆగుతుంది. పైగా లావు తీగతో 1200 చుట్లు బాబిన్‌లో పట్టక, చుట్టేవాళ్లు ఓ వంద చుట్లు తగ్గించి ఉంటే ఇంకా పడిపోతుంది. ఈసారి వెళ్లినప్పుడు ఎస్‌డబ్ల్యూజీ 27 అని అడగండి. అది 0.417 మిల్లీమీటర్లు, మనకు కావలసినదానికి అన్నిటికన్నా దగ్గర. గేజు మాటకన్నా మిల్లీమీటర్లలో చెప్పి, వాళ్ల మైక్రోమీటర్‌తో మీ ముందే కొలిపించుకోవడం ఇంకా మంచిది. ఇంటికి తెచ్చాక ప్రతి కాయిల్‌నూ మల్టీమీటర్‌తో కొలిచి, ఓమ్‌లు కాయిల్ కాగితం మీదే రాసి పెట్టండి. ఇక మీదట మీరు పెట్టే ప్రతి విలువకూ ఆధారం ఆ అంకే.

అయితే నిరోధం తగ్గినంత మాత్రాన కాయిల్ కాలదు. దాన్ని ఎవరో ఆన్‌లో ఉంచారు. ఫైలులో ఆ కాయిల్ కింద అలో ఎనేబుల్ అన్న వరుసకు ట్రూ అని ఉందేమో చూడండి. ఎవరి ఫైలునైనా నమూనాగా తెచ్చుకున్నప్పుడు ఈ వరుస అన్ని కాయిల్స్‌కూ అంటుకుపోవడం చాలాసార్లు చూశాను. అది కాయిల్‌ను పూర్తి బలంతో ఎంతసేపైనా ఆన్‌లో ఉంచడానికి ఇచ్చే అనుమతి. రెండు వైండింగులు ఉన్న ఫ్లిప్పర్‌లోని హోల్డ్ వైండింగ్‌కు ఆ అనుమతి అవసరం, ఎందుకంటే దాని నిరోధం 100 ఓమ్‌లకు పైనే ఉంటుంది. 150 ఓమ్‌లదైతే 48 వోల్టుల మీద 15 వాట్లే తింటుంది, బటన్ ఎంతసేపు నొక్కినా తట్టుకుంటుంది. స్లింగ్‌షాట్, పాప్ బంపర్, గోళీని బయటకు తోసే కాయిల్, డ్రాప్ టార్గెట్లను పైకి లేపే కాయిల్, వీటిలో ఏ ఒక్కదానికీ ఆ వరుస ఉండకూడదు. ఆ వరుస లేనప్పుడు, పొరపాటున ఆన్ చేయమని ఏ నియమమైనా చెప్పినప్పుడు ఫ్రేమ్‌వర్క్ దోషం చూపి ఆగుతుంది. అలా ఆగడమే మనకు కావాలి. వీటన్నిటికీ మాక్స్ పల్స్ ఎంఎస్ అన్న గరిష్ఠ పరిమితి కూడా రాయండి. ఎవరైనా 20 అనబోయి 200 కొట్టినా కాయిల్ బతుకుతుంది.

ఫైలు ఎలాగూ తెరుస్తున్నారు కాబట్టి మొదట హార్డ్‌వేర్ విభాగంలో ప్లాట్‌ఫామ్‌ను స్మార్ట్ వర్చువల్ అని పెట్టి, బోర్డు తగిలించకుండానే నడపండి. ఖాళీల తేడాలు, పేర్ల తప్పులు లాంటివి 48 వోల్టులు లేకుండానే బయటపడతాయి. ఈ ఫైలు యామల్ అనే పద్ధతిలో ఉంటుంది, అందులో టాబ్ పనికిరాదు, ఖాళీలే వాడాలి.

ఆ తరువాత బోర్డుల పరిచయం. లినక్స్‌లో యూఎస్‌బీ పోర్టులకు ఏసీఎం 0, ఏసీఎం 1 అన్న పేర్లు ఏ బోర్డు ముందు పలికితే దానికి ముందు వస్తాయి. రెండు బోర్డులున్న మీ యంత్రంలో ఒక రోజు పనిచేసి మరుసటి రోజు పేర్లు తారుమారయ్యే అవకాశం ఉంది. డెవ్ సీరియల్ బై ఐడీ అన్న ఫోల్డర్‌లో ప్రతి బోర్డుకూ మారని పేరు ఒకటి ఉంటుంది, పోర్టు దగ్గర దాన్ని ఇవ్వండి. ఈ బోర్డుల్లో ఒక్కోదానికి వింగ్ అనే చిన్న బోర్డులు నాలుగు తగులుతాయి. ఏ చోట ఏ రకం వింగ్ ఉందో బోర్డు తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. సోలినాయిడ్ వింగ్‌లో నాలుగు కాయిల్స్, నాలుగు స్విచ్చిలు. ఇన్‌పుట్ వింగ్‌లో ఎనిమిది స్విచ్చిలు. వింగులను అటూ ఇటూ మార్చి బిగిస్తే ఆ రాసుకున్నది కూడా మార్చాలి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఫ్లిప్పర్ బటన్ నొక్కిన మరుక్షణం కాయిల్ కొట్టాలంటే ఆ సంకేతం బోర్డు నుంచి రాస్ప్‌బెర్రీ పైకి వెళ్లి, పైథాన్ ప్రోగ్రాము చూసి, తిరిగి రావడం కుదరదు. ఆ ఆలస్యం ఆడేవాడి వేలికి తెలిసిపోతుంది. అందుకే ఫ్లిప్పర్లకూ, స్లింగ్‌షాట్, పాప్ బంపర్ లాంటి ఆటోఫైర్ కాయిల్స్‌కూ ఫ్రేమ్‌వర్క్ ఆట మొదలయ్యేటప్పుడే ఒక నియమాన్ని బోర్డులోకి దింపుతుంది: ఈ స్విచ్చి మూసుకుంటే ఈ కాయిల్‌ను ఇంతసేపు కొట్టు అని. ఇక కంప్యూటర్‌తో పని లేకుండా బోర్డే కొడుతుంది. ఓపెన్ పిన్‌బాల్ బోర్డులతో దీనికి ఒక షరతు ఉంది. స్విచ్చి, కాయిల్ రెండూ ఒకే బోర్డు మీద ఉండాలి. మీ తీగల పటం ప్రకారం కుడి ఫ్లిప్పర్ బటన్ రెండో బోర్డుకూ, కాయిల్ మొదటి బోర్డుకూ వెళ్తోంది. ఆ ఒక్క తీగ మార్చండి. ఫ్లిప్పర్, స్లింగ్‌షాట్, పాప్ బంపర్ ప్రతిదానికీ స్విచ్చిని దాని కాయిల్ ఉన్న బోర్డుకే తీసుకురండి.

పల్స్ విలువల విషయంలో దయచేసి ఎవరి అంకెలూ అరువు తెచ్చుకోకండి, నావి కూడా. వాళ్ల కాయిల్ వేరు, ప్లంజర్ (కాయిల్ లోపల కదిలే కడ్డీ) రాపిడి వేరు, ప్లేఫీల్డ్ (గోళీ దొర్లే పలక) వాలు వేరు. మొదట 48 కాకుండా 24 వోల్టుల సప్లైతో అన్ని కాయిల్స్‌నూ ఒక్కొక్కటిగా 10 మిల్లీసెకండ్లతో కొట్టి చూడండి. ఎంపీఎఫ్ సర్వీస్ అన్న ఆదేశంతో వచ్చే తెర మీద కాయిల్ పేరు చెప్పి పల్స్ ఇవ్వవచ్చు. పేరు చెప్పిన కాయిలే కొట్టిందా అన్నది ఇక్కడే తేలాలి. తరువాత 48కి మార్చి, మళ్లీ 10 నుంచి 2 చొప్పున పెంచుతూ వెళ్లండి. స్లింగ్‌షాట్ గోళీని ఎదుటి స్లింగ్‌షాట్ దాకా చురుకుగా తోయగానే ఆగండి. ఇంకా పెంచితే బలం రాదు, ప్లంజర్ చివర తాకి ఉన్న తరువాత పోయేదంతా వేడే. ఫ్లిప్పర్‌కు గోళీ ప్లేఫీల్డ్ పై అంచు దాకా, ర్యాంపు ఉంటే దాని శిఖరం దాటేదాకా పెంచండి. ప్లేఫీల్డ్ వాలు 6.5 డిగ్రీలకు బిగించిన తరువాతే ఈ పని చేయాలి. బల్ల మీద చదునుగా పెట్టి సరిచూసిన విలువలు కాళ్లు బిగించగానే పనికిరాకుండా పోతాయి.

మీ ఫ్లిప్పర్లు ఒకే వైండింగ్ ఉన్నవని రాశారు కాబట్టి పైకి లేచిన ఫ్లిప్పర్‌ను నిలబెట్టడానికి హోల్డ్ పవర్ కావాలి. బోర్డు ఆ సమయంలో కాయిల్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ సగటు కరెంటు తగ్గిస్తుంది. ఈ బోర్డులో అది పదహారు మెట్లుగా ఉంటుంది. 0.125 అంటే పదహారింట రెండు వంతులు. అక్కడ మొదలుపెట్టండి. ఫ్లిప్పర్‌ను లేపి ఉంచి, పై నుంచి గోళీని దాని మీదకు వదలండి. ఫ్లిప్పర్ కిందికి జారితే ఒక మెట్టు పెంచండి, జారకపోతే ఒక మెట్టు తగ్గించి చూడండి. నిలబడగలిగిన అతి తక్కువ మెట్టే మీకు కావలసింది. తరువాత రెండు నిమిషాలు అలాగే పట్టి ఉంచి, 48 వోల్టులు ఆపి కాయిల్‌ను తాకి చూడండి. వేలు ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే, మెట్టు తగ్గించడమో రెండు వైండింగుల కాయిల్ చుట్టించడమో తప్పదు. ఆడేవాళ్లు గోళీని ఫ్లిప్పర్ మీద ఆపి ఆలోచిస్తూ నిలబడతారు. యంత్రం ఆ అలవాటును తట్టుకోవాలి. నా మట్టుకు నాకు రెండు వైండింగుల కాయిలే ఇష్టం. హోల్డ్‌లో సన్నటి మోత ఉండదు, ప్రోగ్రాము ఏమైనా హోల్డ్ కరెంటు హద్దు దాటదు.

సప్లై ఆగిపోవడం కంట్రోలర్ లోపం కాదు. 350 వాట్ల, 48 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ 7 ఆంపియర్ల చిల్లర ఇస్తుంది. రెండు ఫ్లిప్పర్లు కలిసి క్షణకాలం 24 అడుగుతాయి. అది తన రక్షణ కోసం మూసుకుని మళ్లీ లేస్తుంది. సప్లై పక్కన 63 వోల్టుల రేటింగ్ ఉన్న 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, మూడు సమాంతరంగా పెడితే ఆ క్షణపు కరువు కొంత తీరుతుంది. ఒక్కటి సరిపోదు: ఒక ఫ్లిప్పర్‌కు 12 ఆంపియర్లు 30 మిల్లీసెకండ్లు కావాలంటే, సప్లై 7 ఇచ్చినా మిగతా 5 కోసం ఆ ఒక్క కెపాసిటర్ వోల్టేజి 48 నుంచి 15 వోల్టుల మేర తగ్గిపోతుంది. కెపాసిటర్లతో జాగ్రత్త. ఒక్కొక్కదానికి అడ్డంగా 2.2 కిలో ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టర్ తప్పక పెట్టండి. కరెంటు తీసేశాక రెండు నిమిషాల్లో అవి ఖాళీ అవుతాయి. ఆ రెసిస్టర్ లేకుండా ప్లేఫీల్డ్ ఎత్తి చేయి పెట్టడం ప్రమాదం. ఇన్ని కెపాసిటర్లను ఒక్కసారి నింపబోయి కొన్ని సప్లైలు మొదట్లోనే తడబడతాయి. అలాగైతే కొంచెం పెద్ద సప్లై తీసుకోవడమే దారి.

పాప్ బంపర్ తనంతట తానే కొట్టుకోవడానికి రెండు వేరు వేరు కారణాలు ఉండవచ్చు. వాటిని విడదీయకుండా డీబౌన్స్ (స్విచ్చి క్షణకాలపు అదురును లెక్కలోకి తీసుకోకుండా వదిలేసే సెట్టింగు) విలువ మార్చుతూ కూర్చుంటే వారం గడుస్తుంది. 48 వోల్టుల సప్లై తీసేసి, బోర్డు మాత్రం నడుస్తుండగా, పాప్ బంపర్ దగ్గర ప్లేఫీల్డ్‌ను పిడికిలితో గట్టిగా తట్టండి. తెర మీద స్విచ్చి మూసుకున్నట్టు కనిపిస్తే దోషం యాంత్రికం, ఆకు స్విచ్చి పలకల మధ్య ఖాళీ చాలటం లేదు. మిల్లీమీటరున్నర ఉండేలా వంచండి. తడితే ఏమీ లేదు, 48 వోల్టులు మళ్లీ ఇచ్చి ఫ్లిప్పర్ కొట్టినప్పుడు మాత్రమే కనిపిస్తోంది అంటే దోషం విద్యుత్తుది. అప్పుడు ముందుగా కాయిల్స్ మీది డయోడ్లు చూడండి. ప్రతి కాయిల్‌కూ 1ఎన్4007 ఒకటి, చారల కొస 48 వోల్టుల ప్లస్ వైపు ఉండాలి. అది తెగి ఉంటే కాయిల్ ఆపిన ప్రతిసారీ పెద్ద వోల్టేజి అల లేచి పక్క తీగల్లోకి దూకుతుంది, మాస్‌ఫెట్ ప్రాణం కూడా తీస్తుంది. మీ స్లింగ్‌షాట్ కాలడానికి ఇదే మూలం అయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఆ మాస్‌ఫెట్‌ను కొలవకుండా కొత్త కాయిల్ తగిలించవద్దు. తరువాత తీగలు. స్విచ్చి తీగలూ కాయిల్ తీగలూ ఒకే కట్టగా కట్టి ఉంటే విడదీయండి, ఎదురైతే అడ్డంగా దాటించండి. 5 వోల్టుల గ్రౌండూ 48 వోల్టుల గ్రౌండూ ఒకే చోట, సప్లై దగ్గర కలవాలి. అవి కలవకపోతే మాస్‌ఫెట్ గేటుకు ఆధారమే ఉండదు. ఇవన్నీ అయ్యాకే డీబౌన్స్. ఫ్లిప్పర్, స్లింగ్‌షాట్, పాప్ బంపర్ స్విచ్చిలకు క్విక్, గోళీలు నిలిచే తొట్టిలోని స్విచ్చిలకు నార్మల్. తొట్టిలో ఆప్టోలు (గోళీ వెలుతురుకు అడ్డు రావడాన్ని పసిగట్టే స్విచ్చిలు) వాడితే వాటి తీరు తలకిందులు, స్విచ్చి రకం ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండేది) అని రాయాలి.

మన ఊరి గాలి గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. పెదవాల్తేరు, బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్లలో ఉప్పు గాలికి ఇత్తడి, వెండి పలకలు నల్లబడతాయి. ఈ స్విచ్చిల్లో పారేది మిల్లీఆంపియర్ల కరెంటే కాబట్టి ఆ నలుపును అది కాల్చి శుభ్రం చేసుకోలేదు. బంగారు పూత ఉన్న ఆకు స్విచ్చిలే తీసుకోండి. వాటిని ఆకురాయితో రుద్దితే పూత పోతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన విజిటింగ్ కార్డును పలకల మధ్య లాగితే చాలు. మధురవాడ కొంచెం లోపలికి ఉన్నా వానాకాలంలో ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, స్విచ్చి ఖాళీలు మారతాయి. జూలైలో బాగా ఆడిన యంత్రం అక్టోబరు తుపాను రోజుల్లో పిచ్చిగా కొట్టుకుంటే మొదట పలకల ఖాళీ చూడండి, ఫైలు తరువాత. ప్లేఫీల్డ్ అడుగు వైపు కూడా వార్నిష్ వేస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుందో కూడా ఆలోచించండి. 48 వోల్టులు వెంటనే లేస్తాయి, రాస్ప్‌బెర్రీ పై లేవడానికి చాలా సెకండ్లు పడుతుంది. ఆ మధ్యలో మాస్‌ఫెట్ గేట్లు గాలిలో తేలకుండా ఒక్కొక్కదానికి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండుకు ఉండాలి. బోర్డులో ఉందో లేదో పటం చూసి తేల్చుకోండి. దానికి మించి, మోటారు పంపుకు వాడే నో వోల్ట్ స్టార్టరు పద్ధతిలో, కరెంటు పోతే విడిపోయి మళ్లీ ఎవరైనా నొక్కేదాకా కలవని చిన్న కాంటాక్టరు పెట్టండి. దాన్ని 48 వోల్టుల డీసీ మీద కాకుండా ఎస్‌ఎంపీఎస్‌కు వెళ్లే 230 వోల్టుల మీదే పెట్టాలి. మార్కెట్లో దొరికే నీలం రంగు చిన్న రిలేలు డీసీలో 30 వోల్టుల వరకే.

ఇక ఒక పరీక్ష. 24 వోల్టుల మీద, ఫ్లిప్పర్ లేచి ఉండగా యూఎస్‌బీ తీగ పీకండి. కంప్యూటర్ మాట వినిపించకపోతే కాయిల్స్‌ను తనంతట తానే ఆపే వాచ్‌డాగ్ కొన్ని కంట్రోలర్లలో ఉంటుంది, అన్నిటిలో ఉండదు. బటన్ వదిలినా ఫ్లిప్పర్ కిందికి రాకపోతే, ఎర్రటి అత్యవసర బటన్ ఒకటి కాంటాక్టరుకు కలిపి డబ్బా ముందు వైపు బిగించాకే యంత్రాన్ని పిల్లల చేతికి ఇవ్వండి.

కొత్త స్లింగ్‌షాట్ కాయిల్ చుట్టించి ఓమ్‌లు కొలిచాక ఆ అంకె, దాని మాస్‌ఫెట్‌లో డ్రెయిన్‌కూ సోర్సుకూ మధ్య మీటరు ఎంత చూపిందో, కాయిల్స్ విభాగం మొత్తం ఇక్కడ పెట్టండి. ఆ మూడూ చూశాక 48 వోల్టులు ఇవ్వవచ్చో లేదో చెబుతాను.